ఎక్సెల్ సాల్వర్: నల్గొండ స్థాయి ఆసుపత్రిలో ఓటీ, బెడ్లు, సర్జన్ల ప్రణాళికకు ఎంతవరకు పనికొస్తుంది?

వంద బెడ్లకు మించని ప్రైవేటు ఆసుపత్రులకు ఓటీ (ఆపరేషన్ థియేటర్) షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆఫీసు కంప్యూటర్‌లో ఇప్పటికే ఉన్న ఎక్సెల్ సాల్వర్‌ను ముందుగా పరీక్షించి చూడటం మంచిదని నా అభిప్రాయం. మనం పెట్టిన పరిమితులను దాటకుండా, మనం చెప్పిన లక్ష్యానికి అన్నిటికంటే మెరుగైన అంకెలను వెతికిపెట్టే ఎక్సెల్ సాధనమే సాల్వర్. నల్గొండలోని ఒక ఆసుపత్రి పరిపాలన విభాగంలో, ఏ రోజు ఏ థియేటర్‌ను ఏ విభాగానికి ఇవ్వాలో నిర్ణయించడానికి దీన్ని వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ పనికే పరిమితం.

ఆప్షన్స్‌లోని యాడ్-ఇన్స్‌లో టిక్ పెడితే సాల్వర్ డేటా ట్యాబ్‌లోకి వస్తుంది. మొదట ఎంపికై ఉండే జీఆర్‌జీ నాన్‌లీనియర్ అనే లెక్క పద్ధతిని, ఇలాంటి సూటి కూడికల లెక్కలకు సరిపోయే సింప్లెక్స్ ఎల్‌పీకి మార్చుకోవాలి. సాల్వర్‌లో 200 చలరాశులకు (అది తానే అంకెలు నింపాల్సిన గడులకు) మించి పెట్టడానికి వీల్లేదు. అయిదు విభాగాలు, రెండు థియేటర్లు, ఆరు రోజులు అనుకుంటే 60 గడులు చాలు కనుక, వారపు స్లాట్ల పంపకం సులభంగా ఇముడుతుంది. అదే ముప్పై మంది రోగులను పేరుపేరునా రోజుకూ థియేటర్‌కూ కేటాయించాలంటే 360 గడులు కావాలి, కాబట్టి ఆ పని దీనితో కాదు. రోగుల వరుసను ఓటీ ఇన్‌చార్జి సిస్టర్ రిజిస్టరులో రాసుకోవడమే నయం.

దీని అసలు విలువ బెడ్ల లెక్కలో తెలుస్తుంది. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారు నాలుగు రోజులుంటారని, హెర్నియా వారు రెండు రోజులుంటారని, కంటి శుక్లం వారు అదే రోజు వెళ్లిపోతారని అనుకుందాం. అప్పుడు గురువారం బెడ్ల గడిలో సోమవారం నుంచి గురువారం వరకు ఎముకల విభాగానికి ఇచ్చిన స్లాట్ల రోగులనూ, బుధ, గురువారాల హెర్నియా రోగులనూ కూడాలి. శనివారం ఆపరేషన్ అయిన మోకాలి రోగులను మరుసటి వారం సోమ, మంగళవారాల గడుల్లోకి తీసుకురావాలి. ఈ గడులను బెడ్ల పరిమితితో కట్టివేస్తే, ఎముకల విభాగానికి సోమ, మంగళవారాలు వరుసగా ఇచ్చే పాత అలవాటు వల్లనే గురువారానికి వార్డు నిండిపోయి, థియేటర్ ఖాళీగా ఉన్నా ఆపరేషన్లు వాయిదా పడుతున్నాయని స్పష్టమవుతుంది. ఫ్లోరైడ్ నీటి వల్ల కీళ్లు, వెన్నెముక దెబ్బతిన్నవారు మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే జిల్లాలో ఈ వాయిదా చిన్న విషయం కాదు.

ఇంకొక సౌకర్యాన్ని చాలామంది పట్టించుకోరు. స్లాట్లు పూర్ణ సంఖ్యలుగానే ఉండాలన్న షరతును తాత్కాలికంగా తీసివేసి లెక్క చేయిస్తే, సెన్సిటివిటీ రిపోర్టులో షాడో ప్రైస్ అనే అంకె కనిపిస్తుంది. ఒక పరిమితిని ఒక యూనిట్ సడలిస్తే లక్ష్యం ఎంత మెరుగవుతుందో అది చెబుతుంది. పూర్ణ సంఖ్యల షరతు ఉన్నంతవరకు ఈ రిపోర్టు రాదు. మా లెక్కలో థియేటర్ గంటలకు ఆ అంకె సున్నా వచ్చింది, గురువారం బెడ్లకు మాత్రం వచ్చిన అంకె పెద్దది. అంటే మూడో థియేటర్ కట్టడం కంటే నాలుగు బెడ్లు పెంచడమో, డిశ్చార్జి కాగితాలు ఉదయమే పూర్తిచేయడమో మేలు. యాజమాన్యాలకు రుచించే జవాబు కాకపోయినా, ఈ ఒక్క రిపోర్టు కోసమైనా సాల్వర్‌ను నేర్చుకోవచ్చు.

లోపాలు తక్కువేమీ కావు. ఇది సగటులనే ఎరుగును. అర్ధరాత్రి సిజేరియన్‌నూ, హైదరాబాద్–విజయవాడ రహదారి మీది ప్రమాద కేసులనూ దానికదే ఊహించలేదు. అందుకే నలభై బెడ్లున్నా ముప్పై నాలుగే ఉన్నాయని చెప్పి, మిగతావి అత్యవసరాలకు విడిచిపెడతాను. మత్తు డాక్టర్ ఒక్కరే ఉన్నచోట ఆయన గంటలను వేరే పరిమితిగా రాయకపోతే, రెండు థియేటర్లూ ఒకేసారి నడిచినట్లు కాగితం మీద అందమైన పట్టిక వస్తుంది. లక్ష్యాన్ని ఎంచుకోవడం మరీ సున్నితమైన పని. ఆపరేషన్ల సంఖ్యను పెంచమంటే శుక్లాలూ హెర్నియాలే ముందుకు వచ్చి, మోకాళ్లు వెనకబడతాయి. ఆదాయాన్ని పెంచమంటే ఆరోగ్యశ్రీ రోగులు చివరకు చేరతారు. విభాగాల వారీగానూ, ఆరోగ్యశ్రీ కేసులకూ కనీస స్లాట్లను షరతులుగా పెట్టడం తప్ప దీనికి మార్గం లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చే విజిటింగ్ సర్జన్ల రోజులను ముందే స్థిరపరచి గడుల్లో రాసేయాలి. అమావాస్య నాడు ఆపరేషన్ వద్దనే కుటుంబాలూ, మంగళవారం రోగిని ఇంటికి తీసుకెళ్లడానికి ఒప్పుకోని కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. నేనైతే నవ్వి ఊరుకోకుండా మంగళవారం డిశ్చార్జిలను తగ్గించి రాస్తాను, లెక్క వాస్తవానికి దగ్గరవుతుంది. నాట్లు, పత్తి తీత కాలాల్లో వాయిదా వేయదగిన ఆపరేషన్లకు రోగులు రావడం తగ్గుతుంది కాబట్టి, ఏడాది పొడవునా ఒకే షీటు వాడకూడదు.

200 చలరాశుల హద్దు అడ్డం వచ్చేవారు ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఓపెన్‌సాల్వర్‌ను ఉచితంగా దించుకోవచ్చు. అది కూడా ఎక్సెల్‌లోనే పనిచేస్తుంది, ఆ హద్దు దానికి లేదు. ఎక్సెల్ లేనివారికి లిబర్‌ఆఫీస్ కాల్క్‌లోనూ ఒక సాల్వర్ ఉంది. ఏది వాడినా షీటు ఫార్ములాలను చదవగలిగేవారు ఆసుపత్రిలో ఇద్దరైనా ఉండాలి. అలాంటివారు దొరకనిచోట డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనడమే సబబు.