ఊపిరితిత్తి బయాప్సీ ముక్క: నూరితే మేలా, కోస్తే మేలా?

2021లో కోవిడ్ సెకండ్ వేవ్ వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చింది. దానికి కారణమైన బూజు పేరు మ్యూకర్, ఆ మాట ఇంటింటికీ తెలిసింది అప్పుడే. జనానికి గుర్తున్నవి ముక్కు, కంటి కేసులు. ఊపిరితిత్తుల్లో చేరిన మ్యూకర్‌ని పట్టుకోవడం అంతకంటే కష్టం. అతికష్టం మీద రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క తీసి పంపుతారు. అందులోని ఫంగస్ కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ప్లేటు మీద, పెరగాలంటే మన చెయ్యి జాగ్రత్తగా ఉండాలి.

నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఏ టిష్యూ వచ్చినా నూరేసేదాన్ని. ఒకసారి కేఓహెచ్ స్లైడులో (టిష్యూని క్షారంతో కరిగించి మైక్రోస్కోప్ కింద చూసేది) వెడల్పాటి ఫంగస్ పోగులు రిబ్బన్లలా మెలితిరిగి కనిపించాయి. ప్లేటు మీద మాత్రం వారం దాటినా ఏమీ మొలవలేదు. తర్వాత అలాంటిదే ఇంకో ముక్క వస్తే మా మేడమ్ నా చేతిలోంచి గ్రైండర్ తీసుకుని స్కాల్పెల్ పెట్టారు. సన్నగా కోసి, ముక్కల్ని ప్లేటులోని అగార్‌లోకి (ఫంగస్ పెరిగే జెల్లీ) కొంచెం అదిమి పెట్టాం. రెండో రోజు పొద్దున వాటి చుట్టూ తెల్లటి దూది. మరో రెండు రోజులకి ఆ దూది మూతకి తగిలింది.

కారణం ఆ పోగుల్లోనే ఉంది. మ్యూకర్ పోగుకి అడ్డగోడలు చాలా తక్కువ, పొడవాటి గొట్టం అనుకోండి. ఒకచోట చితికితే లోపలి పదార్థమంతా కారిపోయి చచ్చిపోతుంది. ఆస్పర్‌జిల్లస్ అనే మరో ఫంగస్‌కి గది గదికీ గోడ ఉంటుంది. తెగినచోట గోడలోని రంధ్రం మూసుకుపోతుంది, పక్క గదులు బతుకుతాయి. అందుకే అది నూరుడుని కొంతవరకు తట్టుకుంటుంది.

అలాగని నూరడం తప్పని కాదు. హిస్టోప్లాస్మా అనే ఇంకో ఫంగస్ మన కణాల లోపల దాక్కుంటుంది. నూరితేనే బయటికొస్తుంది (సేఫ్టీ క్యాబినెట్ లోపలే, మరోచోట వద్దు). కాబట్టి ముందు కేఓహెచ్ చూడండి. వెడల్పాటి పోగులుంటే కోయండి. హిస్టోప్లాస్మా అనుమానం ఉండి, ముక్క కూడా పెద్దదైతే సగం కోసి సగం నూరండి. ఉన్నది చిటికెడే, ఏమిటో తెలియదంటే నేనైతే కోస్తాను.

సైక్లోహెక్సిమైడ్ (కొన్ని ఫంగస్‌లని ఆపే మందు) కలిపిన అగార్ మీద మ్యూకర్ పెరగదు, మామూలు సాబురాడ్ అగార్ చాలు. శాంపిల్‌ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

ఎంత బాగా కోసినా దాదాపు సగం కేసుల్లో కల్చర్ రాదు. ఆస్పర్‌జిల్లస్‌ని పట్టే గాలాక్టోమానన్ రక్తపరీక్ష మ్యూకర్‌ని పట్టదు, వోరికొనజోల్ అనే ఫంగస్ మందు దాని మీద పనిచేయదు. దాని మీద పనిచేసే మందు యాంఫోటెరిసిన్ ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. స్లైడులో పోగులు కనబడగానే వార్డుకి ఫోన్ చేయండి, ప్లేటు కోసం ఆగొద్దు.

బయాప్సీ తీసే డాక్టర్లకి ఒక్క విన్నపం: ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేసేయకండి. అందులో పడ్డాక ఫంగస్ చచ్చిపోతుంది, మేం కోసినా నూరినా ఒకటే. కొంచెమైనా సెలైన్‌లో వేసి వెంటనే పంపండి.