ఫుల్ లో ఫ్లోరా, 70 శాతం లో ఫ్లోరా? కొత్త ట్రామ్ లైన్‌కి ఏది నయం

కొత్తగా లైట్ రైల్ (ట్రామ్ లాంటి ఊరి రైలు) వేసేటప్పుడు అందరూ బండి రంగు, ముందు షేపు చూస్తారు గానీ అసలు పేచీ నేల ఎత్తు దగ్గరే. ఫుల్ లో ఫ్లోర్ అంటే పట్టాల నుంచి సుమారు 30-35 సెం.మీ. ఎత్తులోనే నేల, ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క మెట్టు ఉండదు, వీల్‌చెయిర్ అయినా పిల్లల బండి అయినా ఏ డోర్‌లోంచైనా నేరుగా తోసేయొచ్చు, జనం కూడా టకటకా దిగిపోతారు.

కానీ నేల కిందికి దించాక చక్రాలు ఎక్కడికి పోతాయి చెప్పండి? సీట్ల కిందకే, అందుకే అక్కడ డబ్బాల్లా ఉబ్బుంటాయి. పైగా చాలా మోడల్స్‌లో బోగీ (అంటే పెట్టె కాదు, కింద చక్రాలుండే చట్రం) సరిగా తిరగదు, మలుపుల్లో కీచుమంటూ పట్టానీ చక్రాన్నీ రెంటినీ అరగదీస్తుంది.

70 శాతం దాంట్లో సుమారు అంత నేలే కిందికుంటుంది, రెండు చివర్లా ఎత్తు, అందుకే అక్కడ లోపల మెట్లుంటాయి, అదొక్కటే చికాకు. ఆ ఎత్తు నేల కింద మాత్రం మామూలు ఇరుసుతో తిరిగే మోటార్ బోగీలే, సీమెన్స్ ఎస్70 లాంటివి గంటకు 100 కి.మీ. పైనే పోతాయి.

స్టాపులు దగ్గరదగ్గరగా ఉండే ఊరి నడిబొడ్డు లైనైతే ఫుల్ లో ఫ్లోరే, శివార్లకి దూరం పరిగెత్తాలంటే మాత్రం నా ఓటు రెండోదానికి.