తోలు అట్ట జనరల్‌కి మా విజయనగరం చెమ్మ

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాదిని గెలిపించి, తర్వాత అధ్యక్షుడైన జనరల్ యులిసిస్ గ్రాంట్ ఆత్మకథ, తోలు బైండింగ్ రెండు సంపుటాలు, మా ఇంటికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. కొన్న కొత్తలో రాసుంటే ఐదు నక్షత్రాలు ఇచ్చేసి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడైతే మూడున్నర. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి బూజుది, అర నాది.

2013లో అమెరికాలో ఉండే మా మేనల్లుడి చేత తెప్పించుకున్నాను. సెకండ్ హ్యాండ్, రెండూ కలిపి 110 డాలర్లు. "మావయ్యా, ఆ బరువుకి రెండు కిలోల చాక్లెట్లు పట్టేవి" అని వాడు ఇప్పటికీ దెప్పుతుంటాడు. ముదురు ఎరుపు తోలు, వెన్ను మీద ఐదు గట్లు, మూడు వైపులా బంగారు పూత అంచులు, పట్టు రిబ్బన్. మొదటిసారి తెరిస్తే పూతకి అంటుకున్న పేజీలు చిటచిటమంటూ విడివడ్డాయి. వేళ్లకి మెరుపు అంటింది. ఇంకేం, చదవడానికి చేతులు రాలేదు. నాలుగు కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, పుస్తకాల ధ్యాస ఎవరికుంటుంది? అన్నీ సర్దుకుని బీరువా తీసేసరికి ఎర్ర తోలు మీద బియ్యప్పిండి చల్లినట్టు బూజు. "తడిసిన చెప్పుల కంపు" అంటూ మా ఆవిడ ముక్కు మూసుకుంది. పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. తోలు బిరుసెక్కిందని రెండో సంపుటానికి కొబ్బరి నూనె రాశాను. అరచేయంత నల్ల మచ్చ పడింది. వారం తిరక్కుండా చీమలు పట్టాయి. చీమలు పోయాయి గానీ మచ్చ అలాగే ఉంది.

తమాషా ఏమిటంటే, తోలంటే ఈ జనరల్‌కే పడదు. తండ్రిది తోళ్లు ఊనే వ్యాపారం. ఆ పని తనకి చిన్నప్పటి నుంచీ అసహ్యమని పుస్తకం మొదట్లోనే రాసుకున్నాడు. తీరా 1861లో యుద్ధం మొదలయ్యేనాటికి పని చేస్తున్నది తండ్రి తోలు సామాన్ల కొట్లోనే! నల్ల మచ్చ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

తోలు అట్ట వెయ్యడం ఇప్పటివాళ్ల కొత్త ఎత్తేమీ కాదు. వ్యాపార భాగస్వామి చేసిన మోసానికి 1884లో గ్రాంట్ నిలువునా మునిగిపోయాడు. ఆపైన గొంతు క్యాన్సర్. పోయాక భార్య ఏం తిని బతుకుతుందన్న దిగులుతో ఈ పుస్తకం పూర్తి చేశాడు. రాత ముగిసిన కొద్దిరోజులకే, 1885 జులై 23న పోయాడు. రచయిత మార్క్ ట్వేన్ నడిపే ప్రచురణ సంస్థ దాన్ని అచ్చువేసి, మాజీ సైనికుల్ని పాత యూనిఫారాలతో ఇంటింటికీ పంపి ఆర్డర్లు రాయించింది. గుడ్డ అట్ట కావాలా, గొర్రె తోలా, మొరాకో తోలా అని అప్పుడే అడిగేవాళ్లట. కుటుంబానికి నాలుగు లక్షల డాలర్లకు పైనే ముట్టింది.

బూజు గొడవయ్యాక రెండింటినీ వసారా గదిలో తలుపుల్లేని అల్మరాలోకి మార్చి, రోజుకి పది పేజీలు చదవడం మొదలుపెట్టాను. ఆర్భాటం లేని రాత. ఎనిమిదేళ్ల వయసులో గుర్రప్పిల్లని బేరమాడిన కథ ఒకటుంది. "మా నాన్న ముందు ఇరవై అడగమన్నాడు, ఇవ్వకపోతే ఇరవై రెండున్నర, అప్పటికీ కాదంటే ఇరవై అయిదు ఇచ్చెయ్యమన్నాడు" అని ఉన్నదున్నట్టు అమ్మేవాడికే చెప్పేశాడు. ఇది మా అమ్మకి చదివి వినిపించాను. మానాపురం సంతలో ఎడ్ల బేరాలు ఎరిగిన మనిషి. "ఏటీ, ఆకరి రేటు ముందే సెప్పేసినాడా? ఈడా యుద్ధం గెలిసినాడు!" అని పడీపడీ నవ్వింది.

నాకు బాగా నచ్చినవి ఒప్పుకోళ్లు. కోల్డ్ హార్బర్ దగ్గర చేయించిన ఆఖరి దాడికి ఎప్పుడూ బాధపడుతూనే ఉన్నానంటాడు. 1865 ఏప్రిల్‌లో తలనొప్పితో రాత్రంతా నిద్రలేదు, పొద్దున శత్రుసేనాని లీ లొంగుబాటు గురించి పంపిన చీటీ చూడగానే నొప్పి ఎగిరిపోయిందంటాడు. అధ్యక్షుడిగా చేసిన ఎనిమిదేళ్ల పాలన గురించి, తాగుడు గురించి వెతికితే మాత్రం ఏమీ దొరకదు. మ్యాపులు మరీ చిన్నవి, విక్స్‌బర్గ్ దగ్గర నదీ మలుపులకి భూతద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది.

అల్మరాలో పెట్టినప్పటి నుంచి మళ్లీ బూజు పట్టలేదు. చెయ్యీ గాలీ తగలడమే మందనుకుంటాను. బొటనవేలు ఆనేచోట పూత పోయింది, రిబ్బన్ చివర పీచులైంది. మొదటి సంపుటం అట్ట మడత దగ్గర చిట్లితే గంటస్తంభం వైపున్న బైండర్ దగ్గరికి తీసుకెళ్లాను. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి అతికించి నలభై రూపాయలు తీసుకున్నాడు. పురుగు కూడా రాదన్నాడు, రాలేదు.

తిరిగి అమ్ముకోవచ్చని కొనేవాళ్లు మన సముద్రం గాలికి ఏసీ గది చూసుకోండి. చదువుకోడానికైతే మామూలు అట్ట పుస్తకం చాలు. కిందటేడు మేనల్లుడు వచ్చినప్పుడు నా సెట్టు ఎంత పలుకుతుందని అడిగాను. మచ్చ ఉన్న సంపుటం అటూ ఇటూ తిప్పి చూశాడు. "మావయ్యా, ఈసారి చాక్లెట్లే తెస్తాను" అన్నాడు.