ఏళ్ల తరబడి నేలను గమనించడానికి ఈ సెన్సర్ పెట్టె పనికొస్తుందా?

భీమిలి వైపు ఎర్ర గరప నేలలో ఉన్న మా జీడిమామిడి తోటలో, గత ఏడాది తొలకరికి ముందు, నేల తేమనూ ఉష్ణోగ్రతనూ నమోదు చేసే పరికరం ఒకటి పెట్టించాము. విశాఖ నగరంలోని ఒక దుకాణం వారు దీనిని అమర్చి, నిర్వహణ బాధ్యతతో సహా అమ్ముతున్నారు. చెట్లకు ఎప్పుడు నీరు పెట్టాలో తెలుసుకోవడం మా ఉద్దేశం కాదు. వేసవులు ముదురుతున్నకొద్దీ వేళ్ల దగ్గర నేలలో ఏమి మారుతోందో, దానితోపాటు పూత ముందుకు జరుగుతోందో వెనక్కు జరుగుతోందో కొన్నేళ్లపాటు రాసిపెట్టుకోవాలన్నది మా ఆలోచన. ఈ సమీక్ష కూడా ఆ అవసరాన్ని బట్టి రాసినదే కనుక, రేపటి తడి కోసం కొనేవారికి ఇందులోని ఫిర్యాదుల్లో సగం వర్తించవు.

ఉష్ణోగ్రత విషయంలో పరికరానికి వంక పెట్టలేము. 10, 30, 60 సెంటీమీటర్ల లోతుల్లో మూడు ప్రోబ్‌లు, అంటే మట్టిలో పాతే కొలత కడ్డీలు, ఉంటాయి. మే నెల మధ్యాహ్నం పై ప్రోబ్ గీత నిటారుగా లేస్తుంటే, అడుగున ఉన్న దాని గీత దాదాపు కదలదు. ఎండుటాకులు ఊడ్చేసిన పాదుకూ, వదిలేసిన పాదుకూ పై పొరలో కనిపించే తేడా చూశాక మేము తోట ఊడ్పించడమే మానుకున్నాము.

తేమ కొలత దగ్గరే జాగ్రత్త అవసరం. ఈ రకం సెన్సర్ నీటిని నేరుగా కొలవదు. మట్టి విద్యుత్ గుణాన్ని కొలిచి, దాని నుంచి తేమను లెక్కగడుతుంది. ఆ గుణాన్ని చెప్పే అంకె (డైఎలెక్ట్రిక్ స్థిరాంకం) నీటికి సుమారు 80, ఎండిన మట్టికి 3 నుంచి 5 వరకు ఉంటుంది కనుక ఈ పద్ధతి సాధ్యపడుతోంది. అయితే మట్టికీ ప్రోబ్‌కూ మధ్య చిన్న గాలి సందు మిగిలినా అంకె తగ్గిపోతుంది, ఉప్పు ఎక్కువైతే పెరుగుతుంది. గులకరాళ్లున్న మా నేలలో మొదటి సమస్య నిత్యం ఎదురయ్యేదే. దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు తవ్విన మట్టినే జల్లించి, నీళ్లతో చిక్కటి బురదగా కలిపి ప్రోబ్ చుట్టూ నింపాడు. అతని పనితనాన్ని మెచ్చుకోవాలి. ఆ తరువాత మేము పక్కనే మట్టి తీసి, తూచి, 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచి చూస్తే, కంపెనీ ఇచ్చిన సూత్రం మా నేలకు ఎక్కువ తేమ చూపిస్తోందని తేలింది. ఇది పెద్ద లోపం కాదు. తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే దానిని సవరించుకోవచ్చు.

అసలు ఇబ్బంది యాప్‌తో వచ్చింది. ఒక అప్‌డేట్ తరువాత, చుక్క వాన పడని వారంలో, మూడు లోతుల్లోనూ తేమ గీత ఒక్కసారిగా మెట్టు దిగింది. అడిగితే సూత్రాన్ని మెరుగుపరిచామని, కొత్త అంకెలే సరైనవని మర్యాదగానే చెప్పారు. కానీ సెన్సర్ పంపే ముడి రీడింగులను, అంటే సూత్రం వేయక ముందరి అంకెలను, యాప్ భద్రపరచదు కాబట్టి, పాత అంకెలను కొత్త సూత్రంలోకి మార్చుకునే దారి లేకుండా పోయింది. మసాచుసెట్స్‌లోని హార్వర్డ్ అడవిలో 1991 నుంచి కొన్ని మడుల నేలను పరిసరాల కంటే 5 డిగ్రీలు వెచ్చగా ఉంచుతూ గమనిస్తున్నారు. అక్కడ మొదటి దశాబ్దం నేల నుంచి కార్బన్ వేగంగా పోయింది, తరువాత కొన్నేళ్లు ఆగింది, ఆపై మళ్లీ మొదలైంది. మధ్యలో కొలిచే సూత్రం ఇలా చెప్పకుండా మారి ఉంటే, ఏ మలుపు నేలదో ఏది పరికరానిదో ఎవరు చెప్పగలరు?

ఇక చిన్న విషయాలు. సముద్రపు గాలికి పెట్టెలోని రాగి కనెక్షన్లపై పచ్చటి చిలుము పట్టింది; సిలికాన్ గ్రీజు పూశాక ఆగింది. కేబుల్ పైతొడుగును చెదలు కొరికాయి, దానిని పీవీసీ గొట్టంలో వేయించుకోవడం మేలు. ప్రోబ్‌లు సేంద్రియ కార్బన్‌ను కొలవవు, దానికి భూసార పరీక్ష చేయించవలసిందే. పరీక్షకు పంపే ప్రతిసారీ అదే మట్టిని కొంత ఆరబెట్టి, తేదీ రాసి సీసాలో ఉంచుకోవడం మంచిది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1840ల నుంచి దాచిన మట్టిని ఈనాటికీ కొత్త పద్ధతులతో పరీక్షిస్తున్నారు.

మొత్తం మీద అమరికకు పూర్తి మార్కులు, పరికరానికి ఒక మోస్తరు, యాప్‌కు చాలా తక్కువ. కొనదలచినవారు ముడి రీడింగులు మెమరీ కార్డులో పడే మోడల్‌నే అడగండి, సూత్రం మారిస్తే ముందుగా తెలియజేస్తామని బిల్లు మీద రాయించుకోండి. ప్రోబ్ మార్చవలసి వస్తే పాతదాన్ని వెంటనే పీకేయకుండా, కొత్తదానితోపాటు ఒక వానాకాలమంతా పక్కపక్కనే నడవనివ్వండి.