బాల్ పైథాన్‌కి ఫ్రోజెన్ ఎలుకలు: ఏళ్ల తరబడి పెట్టాక నా మాట

మా లడ్డూ మగ బాల్ పైథాన్. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకి చెందిన చిన్న కొండచిలువ జాతి. భయపడితే తల లోపల దాచుకుని ఉండ చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే వచ్చింది. డాలస్ దగ్గర మా ఇంటికి పిల్లగా వచ్చినప్పటి నుంచీ దాని తిండి దాదాపుగా ఫ్రోజెన్ ఎలుకలే, అంటే చంపి గడ్డకట్టించి అమ్మేవి. ఈ తిండికి నేను మంచి మార్కులే వేస్తాను. అయితే ఎలుకను ఎంచుకోవడం కంటే, పాముకి నిజంగా ఆకలేస్తోందా లేదా అని పోల్చుకోవడమే కష్టం.

పగలు లడ్డూ గూట్లోనే పడుంటుంది. ఆకలేసిన రోజు చీకటి పడే వేళకి తల మాత్రం గూటి గుమ్మంలో పెట్టి, మెడని మెలికలుగా మడిచి బయటికి చూస్తుంటుంది. ఒళ్లు కదలదు. నాలుక మాత్రం నెమ్మదిగా బయటికి వచ్చి పోతుంటుంది. గదిలో ఎవరు నడిచినా తల అటు తిరుగుతుంది. ఇది పొంచి ఉండి పట్టే జాతి కాబట్టి అన్నిటికంటే నాకు ఈ గుర్తు మీదే నమ్మకం.

రాత్రంతా ట్యాంకులో తిరుగుతుంటే ఆకలే అనుకుంటారు చాలామంది. ఒక్కోసారి నిజమే. కానీ వేడి సరిగ్గా లేకపోయినా, తేమ తగ్గినా, మగ పాముకి జతకట్టే కాలం వచ్చినా అలాగే తిరుగుతుంది. అందుకని నేను ముందు థర్మామీటర్ చూస్తాను. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 నుంచి 27, తేమ 60 శాతం పైన ఉంటే అప్పుడే ఎలుక సంగతి. చలిగా ఉన్న పాముకి తిండి అరగదు, కక్కేస్తుంది. కక్కితే కనీసం రెండు వారాలు ఏమీ పెట్టకూడదు.

ఇంకో గుర్తు, అది మీద పడే తీరు. ఆకలితో కొడితే పట్టుకుని వదలదు, వెంటనే చుట్టేస్తుంది. భయంతో కొడితే అలా తాకి ఇలా వెనక్కి వెళ్లిపోతుంది, బుస కొడుతుంది. రెండోది చూసి ‘పాపం, ఆకలి మీదుంది’ అని ఎలుక పట్టుకొచ్చేవాళ్లని చూశాను! కళ్లు నీలంగా మసకబారి కుబుసానికి సిద్ధమైనప్పుడు నేను అసలు ప్రయత్నించను. ఒక ఎలుక మింగాక కూడా కాసేపు నాలుక ఆడిస్తూ వెతుకుతూనే ఉంటుంది. ఇంకోటి పెట్టమని కాదు, వేట ఊపు ఇంకా దిగలేదంతే.

ఇన్ని గుర్తులు చెప్పినా, చివరికి నేను నమ్మేది డిజిటల్ త్రాసునే. లడ్డూ ఇప్పుడు 1,300 గ్రాముల దాకా తూగుతుంది. పెరిగిన పాముకి ఒంటి బరువులో 5 శాతం చొప్పున ఎలుక చాలు, అంటే 65 గ్రాములు. మూడు వారాలకోసారి ఒకటి. పిల్లప్పుడు లెక్క వేరు: బరువులో 10 నుంచి 15 శాతం, వారానికోసారి. త్రాసు లేనివాళ్లు పాము ఒంటిలో బాగా లావైన చోటు ఎంత ఉందో అంత లావు ఎలుకని ఎంచుకున్నా సరిపోతుంది.

అమ్మేవాళ్ల సైజుల్ని మాత్రం నమ్మకండి. ఒకరి ‘స్మాల్’ 50 గ్రాములు, ఇంకొకరిది 80 దాటుతుంది. ప్యాకెట్ మీద గ్రాములు రాయని చోట నేను కొనడం మానేశాను. చిట్టెలుకలు పిల్ల పాములకి బాగుంటాయి గానీ, పెద్దది కూడా పాతిక గ్రాములే. పెద్ద పాముకి రెండు మూడు పెట్టాలి, ఖర్చు దండగ. పైగా చిట్టెలుకలకే అలవాటు పడితే తర్వాత ఎలుకని మూతితో కూడా తాకవు. కాబట్టి వీలైనంత చిన్నప్పుడే ఎలుక పిల్లలకి మార్చడం మంచిది. మార్పు కోసం అప్పుడప్పుడూ కౌజు పిట్ట పిల్లని పెడతాను, లడ్డూ కాదనదు. ఎముకలతో సహా మింగుతుంది కాబట్టి విడిగా విటమిన్లు అక్కర్లేదు.

(నాగుల చవితి వస్తే గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసి ‘పాలు పోశావురా?’ అంటుంది. పాలు పాముకి తిండి కాదు, అరగవు. మంచినీళ్ల గిన్నె చాలు. ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట: మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

ప్రాణంతో ఉన్న ఎలుక ఎందుకు పెట్టనంటే, అది పాముని కొరుకుతుంది. కంటి దగ్గర గాయాలైన పాముల్ని రెప్టైల్ ఎక్స్‌పోల్లో (పాములు, బల్లుల లాంటి పెంపుడు జీవుల ప్రదర్శనల్లో) చూశాను. ఫ్రోజెన్ ఎలుకకి ఆ భయం లేదు గానీ ఓపిక కావాలి. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో దించుతాను. మర్నాడు సాయంత్రం జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో ఉంచుతాను, ఒంటి వేడి 38 డిగ్రీలకి వచ్చేదాకా. మైక్రోవేవ్ వద్దే వద్దు, ఒక చోట ఉడికి ఒక చోట గడ్డగానే ఉంటుంది. ఆఖర్న తల భాగానికి హెయిర్ డ్రయ్యర్ కాస్త తగిలిస్తాను. దీని పెదవుల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, చల్లటి ఎలుకని అది ఎర అనుకోదు. పొడవాటి పటకారుతో పట్టుకుని గూటి ముందు ఆడిస్తే సరి. తిన్నాక రెండు రోజులు దాన్ని ఎత్తుకోము.

నచ్చనిది వాసన, ఆ తర్వాత శుభ్రం తాలూకు టెన్షన్. గడ్డకట్టినంత మాత్రాన సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా చావదు. ఫ్రోజెన్ ఎలుకల వల్ల మనుషులకి జబ్బు చేసిన ఘటనలు అమెరికాలో 2010లోనూ 2014లోనూ బయటపడ్డాయి. మా ఆవిడ మొదట్లోనే షరతు పెట్టింది, నాకూ సబబే అనిపించింది: గరాజ్‌లో వేరే చిన్న ఫ్రిజ్, వేరే గిన్నె, వంటింటి సింకు వైపు రాకూడదు. తూచేటప్పుడు కూడా త్రాసు మీద మూతున్న డబ్బా తప్పనిసరి. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఆన్‌లైన్లో డ్రై ఐస్‌తో వస్తాయి, షిప్పింగే ఎక్కువ. అందుకని ఒకేసారి తెప్పించి ఆరు నెలల్లో వాడేస్తాను.

చలికాలంలో లడ్డూ తిండి మానేస్తుంది, నెలల తరబడి. ఈ జాతికి అది మామూలే, ముఖ్యంగా మగవాటికి. అప్పుడు వారం వారం ఎలుకని కరిగించి పారేయడం దండగ. మూడు వారాలకోసారి ఒకటి చూపిస్తాను, తెల్లారేసరికి అలాగే ఉంటే చెత్తలోకి. మళ్లీ ఫ్రీజర్లో పెట్టేది లేదు. ఆ నెలల్లో త్రాసు మాత్రం వదలను. బరువు నిలకడగా ఉంటే ఊరుకుంటాను, 10 శాతం తగ్గితే మాత్రం పాముల్ని చూసే పశువైద్యుడికి ఫోన్ చేస్తాను.