కాన్వా రెజ్యూమేనా, సాదా వర్డ్ రెజ్యూమేనా: ఏది మేలు?

మా పిన్ని కొడుకు బీటెక్ అయ్యాక రెండేళ్లుగా ఒక చిన్న కంపెనీలో జావా మీద పనిచేస్తున్నాడు. ఉద్యోగం మారదామని నాలుగు నెలలుగా అప్లై చేస్తూనే ఉన్నాడు, ఒక్క ఫోనూ రాలేదు. "అన్నా, నా రెజ్యూమే ఒకసారి చూడవా, టెన్షన్‌గా ఉంది" అంటూ పంపాడు.

చూడ్డానికి చాలా బాగుంది. కాన్వా అనే డిజైన్ వెబ్‌సైట్‌లో చేసుకున్నాడు. ఎడమవైపు నీలం పట్టీ, అందులో ఫోటో, చిన్న ఫోన్ బొమ్మ పక్కన నంబరు, దాని కింద స్కిల్స్. జావాకి ఐదు చుక్కల్లో నాలుగు నింపి ఉన్నాయి. ఉద్యోగం, ప్రాజెక్టులు, చదువు కుడివైపు.

ఆ పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాను. స్కిల్స్ వచ్చి ఉద్యోగం వివరాల మధ్యలో దూరాయి. కంపెనీ పేరు ఒకచోట, అక్కడ చేరిన తేదీ ఎక్కడో కింద. చుక్కల జాడే లేదు. మనకి రెండు కాలమ్‌లుగా కనిపించేది, పైనుంచి కిందకి వరసగా చదివే సాఫ్ట్‌వేర్‌కి ఇలా కలగాపులగంగా అందే ప్రమాదం ఉంది.

కంపెనీ పోర్టల్‌లో మనం అప్‌లోడ్ చేసిన ఫైలు ముందు వెళ్లేది వర్క్‌డే, టాలియో, గ్రీన్‌హౌస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోకి. అది మన పేరు, ఫోను, పనిచేసిన కంపెనీలు, తేదీలు, డిగ్రీ విడదీసి వేరువేరు గళ్లలో నింపుతుంది. రెజ్యూమే అప్‌లోడ్ చేశాక ఫారం దానంతటదే నిండిపోవడం చాలామంది చూసే ఉంటారు. ఆ గళ్లలో తప్పులు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మన కాగితాన్ని సరిగా చదవలేదన్నమాట. సబ్మిట్ కొట్టే ముందు రెండు నిమిషాలు ఆగి వాటిని చేత్తో దిద్దుకోండి, బతిమాలి చెబుతున్నాను.

అందుకే ఆన్‌లైన్ అప్లికేషన్లకి నా ఓటు సాదా రెజ్యూమేకే. ఒకే కాలమ్, నల్ల అక్షరాలు, ఎక్స్‌పీరియెన్స్, ఎడ్యుకేషన్, స్కిల్స్ అనే మామూలు హెడ్డింగులు. టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు వద్దు. ఫోన్ నంబరూ ఈమెయిలూ పేజీ హెడర్‌లో కాకుండా పేరు కిందే ఉండాలి, ఎందుకంటే హెడర్‌ని వదిలేసి చదివే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. చుక్కల బదులు ఆ జావాతో ఏం కట్టావో ఒక వాక్యం రాస్తే సాఫ్ట్‌వేర్‌కీ అందుతుంది, తర్వాత చదివే మనిషికీ అర్థమవుతుంది.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది, పేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అదీ పొడి అక్షరంలో. కె. వెంకట సాయి అని ఉంటే సాఫ్ట్‌వేర్ "కె"నే ఫస్ట్ నేమ్ అనుకోవచ్చు. రిక్రూటర్ నుంచి "డియర్ కె" అని మెయిల్ వస్తే కారణం ఇదే అయ్యుంటుంది. రెజ్యూమేలో పేరు ముందు, ఇంటిపేరు చివర, రెండూ పూర్తిగా రాస్తే మేలు.

ఇక పీడీఎఫ్ మేలా, వర్డ్ ఫైలా అంటే, వర్డ్‌లో తయారుచేసి పీడీఎఫ్‌గా సేవ్ చేసింది చాలాచోట్ల చక్కగా పనిచేస్తుంది. పోర్టల్ వర్డ్ ఫైలే అడిగితే అదే ఇవ్వండి. నెట్ సెంటర్‌లో స్కాన్ చేయించిన పీడీఎఫ్ మాత్రం వద్దు. అది ఫోటోతో సమానం, అందులో సెలెక్ట్ చేయడానికి అక్షరాలే ఉండవు.

అన్ని ఉద్యోగాలకీ ఒకటే రెజ్యూమేనా, ఒక్కోదానికీ ఒక్కోటా? ప్రతిసారీ మొదటినుంచి రాయడం జరిగే పని కాదు. పైనున్న నాలుగు లైన్ల సమ్మరీ, స్కిల్స్ వరస మార్చండి చాలు. నౌక్రీ లాంటి జాబ్ సైట్లలో రిక్రూటర్లు "స్ప్రింగ్ బూట్, రెండు నుంచి నాలుగేళ్లు, హైదరాబాద్" అని పదాలతోనే వెతుకుతారు. ప్రకటనలో ఏ పదం వాడారో, మనకి నిజంగా వచ్చిన పని అయితే ఆ పదమే రాయాలి. రాని స్కిల్స్‌ని తెల్ల అక్షరాల్లో దాచిపెట్టమని చెప్పేవాళ్లున్నారు. అలా చేయకండి. సాఫ్ట్‌వేర్ తీసిన టెక్స్ట్‌లో రంగు ఉండదు, ఆ దాచిందంతా రిక్రూటర్ కళ్ల ముందే ఉంటుంది.

ఎంత బాగా రాసినా కొన్ని అప్లికేషన్లు రెజ్యూమే వల్ల కాకుండా ఫారంలో అడిగే ప్రశ్నల దగ్గరే ఆగిపోతాయి. నోటీస్ పీరియడ్ ఎంత, ఆ ఊరికి మారతారా, ఎన్నేళ్ల అనుభవం లాంటివి. అక్కడ ఆగినందుకు రెజ్యూమేని పదిసార్లు మార్చుకుంటూ బాధపడొద్దు.

మావాడు రెండు సాయంత్రాలు కూర్చుని మొత్తం ఒకే కాలమ్‌లోకి మార్చాడు. మళ్లీ నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే ఈసారి పేరు, ఫోను, ఉద్యోగం, తేదీలు వరసగా వచ్చాయి. "మరి పాతది డిలీట్ చేసేయనా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. శనివారం మాదాపూర్‌లో వాకిన్ ఇంటర్వ్యూ ఉంది, అక్కడ కాగితం నేరుగా మనిషి చేతికే వెళ్తుంది. ఆ నీలం పట్టీ రెజ్యూమే కలర్‌లో రెండు ప్రింట్లు తీసుకెళ్లమన్నాను.