రికార్డు మేలా, ఫైనల్ గెలుపు మేలా? మహిళల వెల్లకిల ఈతలో ఇద్దరు మేటి ఈతగత్తెలు

మహిళల వెల్లకిల ఈతలో, అంటే బ్యాక్‌స్ట్రోక్‌లో, ఈ తరంలో అందరికంటే మిన్న ఎవరని అడిగితే రెండు జవాబులు వస్తాయి, రెండింటికీ గట్టి ఆధారాలే ఉన్నాయి. 100 మీటర్ల ప్రపంచ రికార్డు అమెరికాకు చెందిన రీగన్ స్మిత్‌ది. 2024 జూన్‌లో ఇండియానాపోలిస్‌లో జరిగిన ఒలింపిక్ ఎంపిక పోటీల్లో ఆమె ఆ దూరాన్ని 57.13 సెకన్లలో పూర్తి చేసింది. అదే 100 మీటర్లలో టోక్యో, పారిస్ ఒలింపిక్స్ స్వర్ణాలు, 2023 ఫుకువోకా, 2025 సింగపూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు మాత్రం ఆస్ట్రేలియాకు చెందిన కైలీ మెక్‌కియోన్ ఖాతాలో ఉన్నాయి. ఈ నాలుగు ఫైనళ్లలోనూ స్మిత్ పోటీ పడింది, ఒక్కదానిలోనూ మొదటి స్థానం దక్కలేదు. కాబట్టి తేల్చవలసింది ఇద్దరిలో ఎవరు బాగా ఈదుతారన్నది కాదు, రికార్డుకూ ఫైనల్ గెలుపుకూ మధ్య దేనికి ఎక్కువ విలువ ఇవ్వాలన్నది.

ఈ చిక్కు పారిస్‌లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 2024 జులై 30న 100 మీటర్ల ఫైనల్‌లో మెక్‌కియోన్ 57.33 సెకన్లతో స్వర్ణం గెలిచింది, స్మిత్ 57.66 సెకన్లతో రజతం అందుకుంది. అయిదు రోజుల తరువాత, ఆగస్టు 4న, అదే కొలనులో, నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదే మెడ్లీ రిలేలో, వెల్లకిల ఈతతో మొదలయ్యే తొలి అంచెలో స్మిత్ 57.28 సెకన్లలో ఈది ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. అంటే ఫైనల్‌లో స్వర్ణం తెచ్చిన సమయం కన్నా సెకనులో వందకు అయిదు వంతులు తక్కువ. స్వర్ణం ఒకరికి, ఒలింపిక్ రికార్డు మరొకరికి దక్కాయి. స్మిత్‌లో వేగం తక్కువేమీ కాదని దీనితో తేలిపోయింది, కానీ ఆ వేగం కావలసిన రోజున కాక అయిదు రోజులు ఆలస్యంగా బయటికి వచ్చింది.

మెక్‌కియోన్ లెక్క చూస్తే దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఆమె 2023 అక్టోబర్‌లో బుడాపెస్ట్‌లో 57.33తో అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించింది. పారిస్ ఫైనల్‌లోనూ వందోవంతు తేడా లేకుండా అదే 57.33. అంతకు ముందు 2021 జూన్‌లో అడిలైడ్‌లో 57.45తో ప్రపంచ రికార్డు నెలకొల్పి, మరుసటి నెల టోక్యో ఫైనల్‌లో 57.47తో గెలిచింది. తన అత్యుత్తమాన్ని కావలసిన పూటకు తెచ్చుకోవడం ఎంత అరుదైన నైపుణ్యమో ఈ అంకెలు చెబుతున్నాయి. అదే పారిస్ ఫైనల్‌లో స్మిత్ తన అత్యుత్తమానికి 0.53 సెకన్లు వెనకబడింది.

అలాగని ఎంపిక పోటీల్లో వచ్చిన రికార్డును తేలికగా తీసుకోవడం అన్యాయం. అమెరికాలో ఒక్కో వ్యక్తిగత ఈవెంట్‌కు ఇద్దరికే చోటు, మూడోస్థానంలో వచ్చినవారు ఆ ఈవెంట్‌ను వదులుకోవలసిందే. ఆ కత్తి అంచు మీద నడక ఎలా ఉంటుందో స్మిత్‌కు తెలుసు. 2019లో గ్వాంగ్‌జు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పదిహేడేళ్ల వయసులో 200 మీటర్ల సెమీఫైనల్‌లో 2 నిమిషాల 3.35 సెకన్లతో ప్రపంచ రికార్డు సాధించి, మరునాడు ఫైనల్ కూడా గెలిచిన ఆ అమ్మాయే, 2021 ఎంపిక పోటీల్లో అదే 200 మీటర్లలో మూడోస్థానంలో నిలిచి టోక్యోలో ఆ ఈవెంట్‌కు దూరమైంది. అలాంటి పోటీలోనే 57.13 వచ్చింది గనుక దానిని ఒత్తిడి లేని రోజున పుట్టిన రికార్డు అనడానికి వీల్లేదు.

ఈ ఈతకున్న స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వెల్లకిలా ఈదేవారికి ముందున్న గోడ కనిపించదు, పైకప్పు మాత్రమే కనిపిస్తుంది. గోడకు 5 మీటర్ల దూరాన అడ్డంగా కట్టిన జెండాల తోరణం తల మీదుగా వెనక్కి పోగానే చేతివేట్లు లెక్కపెట్టడం మొదలవుతుంది. ఆ లెక్కను బట్టే మలుపు దగ్గర బోర్లా తిరిగి గోడను తన్నాలి, చివరలో చేయి చాచాలి. ఒక్క వేటు ముందు తిరిగితే గోడ అందదు, ఒక్కటి ఆలస్యమైతే చేయి ముడుచుకుంటుంది. ఈ లెక్క గుండె దడదడలాడే ఫైనల్ రోజున కూడా తప్పకుండా ఉండాలి కనుక, ఈ ఈతలో ఫైనల్ గెలుపుకు మరింత విలువ ఇవ్వాలని నా అభిప్రాయం.

అయితే పతకానికి ఒక బలహీనత ఉంది: పక్క లేన్లలో ఎవరున్నారన్న దాని మీద దాని బరువు ఆధారపడుతుంది. 2022 బుడాపెస్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల స్వర్ణం స్మిత్‌కే వచ్చింది, కానీ మెక్‌కియోన్ ఆ ఈవెంట్‌ను వదిలి, నాలుగు రకాల ఈతలూ ఒక్కరే ఈదే 200 మీటర్ల మెడ్లీని ఎంచుకుంది. 2024 దోహా ప్రపంచ పోటీలకు ఇద్దరూ వెళ్లలేదు, అమెరికాకే చెందిన క్లెయిర్ కర్జన్ వెల్లకిల ఈత మూడు దూరాల్లోనూ (50, 100, 200 మీటర్లు) స్వర్ణాలు గెలిచింది. గడియారానికి ఈ ఇబ్బంది లేదు, ఎవరు వచ్చినా రాకపోయినా 57.13 అంటే 57.13 మాత్రమే. ఫుకువోకాలో మెక్‌కియోన్ 50, 100, 200 మీటర్లు మూడూ గెలిచినప్పుడు మాత్రం పక్కన స్మిత్ ఉంది, మూడింటిలోనూ రజతం ఆమెదే. 50 మీటర్లలో తేడా 27.08కీ 27.11కీ మధ్యనున్న 0.03 సెకన్లు.

సింగపూర్ ఈ రెండు కొలమానాలనూ దాదాపు కలిపేసింది. 100 మీటర్లను మెక్‌కియోన్ 57.16లో ముగించింది, అది స్మిత్ రికార్డుకు 0.03 దూరం. 200 మీటర్లలో 2 నిమిషాల 3.33 సెకన్లతో, గ్వాంగ్‌జులో స్మిత్ నెలకొల్పిన ఛాంపియన్‌షిప్ రికార్డును 0.02 తేడాతో చెరిపేసింది. ఆ దూరంలో 2 నిమిషాల 3.14 సెకన్ల ప్రపంచ రికార్డు 2023 నుంచీ ఆమెదే గనుక, 200 మీటర్లలో రికార్డు, గెలుపు రెండూ ఒకే చేతిలో ఉన్నాయి, అక్కడ వాదనకు తావులేదు.

మిగిలింది 100 మీటర్లు. వ్యక్తిగత ఫైనల్‌లో ముందుగా గోడ తాకేది ఎవరని అడిగితే నేను సందేహించకుండా మెక్‌కియోన్ పేరే చెబుతాను. రిలేలో తొలి అంచె ఎవరికి అప్పగించాలంటే మాత్రం స్మిత్‌కే నా ఓటు, ఎందుకంటే అక్కడ పక్క లేన్‌ను ఓడించడం కన్నా తరువాత దూకే ముగ్గురికీ ఎంత ఆధిక్యం అందించామన్నదే ముఖ్యం. పారిస్ రిలేలో ఆమె 57.28తో, మెక్‌కియోన్ 57.72తో తొలి అంచె ముగించారు. ఆ 0.44 సెకన్ల ఆధిక్యంతో మొదలుపెట్టిన అమెరికా జట్టు 3 నిమిషాల 49.63 సెకన్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది.